అత్త కోక కట్టిన బొమ్మ

హలో… ఆ, నేనే అత్తా. ఝాన్సీని… మీ ఎదురింటి ఝాన్సీని.

…

ఫోను హేమ తీస్తాదనుకున్నాను. నీ గొంతు ఇనేసరికి ఏటి మాటాడాలో… నేదు, పెట్టియ్యకు! నీ కూతురితో కాదు, నీతోటే పని.

…

కోళ్ళా? బాగున్నాయి. పొద్దున్నే నూకలేస్తన్నాను. ఎర్రది పొదుక్కి కూకుంది. పదకొండు గుడ్లు… మీ ఇంటెనక వసారాలోనే, గంప కింద. బొప్పాయి సెట్టుకి నీళ్ళు కూడా పోస్తన్నాను.

…

నేనా? తిన్నాను.

…

తిన్లేదు. ఊరికే అన్నాను. నువ్వు హేమ కాడికని సాలూరు బస్సెక్కి ఆరు రోజులైంది. ఆ రోజు నుంచి ముద్ద దిగడం నేదు అత్తా.

…

నా ఒంట్లో ఎలగున్నాదని నువ్వు అడక్కు. ఎవులు అడిగినా పర్లేదు, నువ్వు అడిగితే మాత్రం భూమిలోకి దిగిపోవాలనిపిస్తాది.

…

సెప్తాను, ఇను. ఊఁ కొట్టు సాలు, ఇంకేటీ అనకు. అన్నావంటే నాకు మళ్ళీ నోరు రాదు.

ఆ బొమ్మ నాదే గదా. నీకు తెలుసు. నీకు తెలుసని నాకూ తెలుసు. పెంటకుప్ప కాడ తిరుమలరావు మావ పెయ్య సచ్చి పడుంటే, పక్కన ఆ బొమ్మ పీలికలు పీలికలుగా ఉంటే, ఊరంతా నీ వంగపండు రంగు కోక పోల్చుకుని, "చిల్లంగి! దేముడమ్మ చేతబడి సేసింది!" అని నీ గుమ్మం మీదకొస్తే… నువ్వు ఒక్కపాలి నా వైపు సూసినావు. ఒక్కపాలే. సూసి తల దించేసుకున్నావు.

…

సూడలేదని అనకు. సూసినావు. ఆ సూపే నాకు అన్నంలో కనబడతన్నాది.

…

ఆ, కోక నువ్వే ఇచ్చినావు, మా గుంట తన్మయికి బొంత కుట్టుకోమని. పాత సవరం నేనే అడిగి పట్టుకెళ్ళినాను, స్కూలు పనికని. దెయ్యం బొమ్మకని సెప్తే ఇయ్యవేమోనని సెప్పలేదు. మొదటి తప్పు అక్కడే.

…

దెయ్యమెందుకంటే… హాలోవీనని, అమెరికా వోళ్ళ పండగ. అక్టోబరు ఆఖరున ఇళ్ళ ముందు దెయ్యాల బొమ్మలు పెట్టుకుంటారంట. మా ప్రిన్సిపాల్ మేడం ఫోన్లో సూసింది. మన స్కూల్లో కూడా పెడదాం, టీచర్లంతా ఇంటికాడ సేసుకుని రండి, బాగా సేసినోళ్ళ ఫొటో స్కూలు గ్రూపులో ఏస్తాం అన్నాది. నాకు ఆశ పుట్టింది అత్తా. ఎల్‌కేజీ టీచరంటే ముక్కులు తుడిసేదనుకుంటారందరూ. ఒక్కపాలి నా ఫొటో కూడా రానీ అనుకున్నాను.

…

నవ్వొస్తే నవ్వు. ఇనాలి మరి నా తెలివి. మొదటి తలకాయకి బుడగ ఊది, దాని మీద మైదా జిగురుతో పేపర్లు అంటించినాను. ఆరకుండానే బుడగ పేల్చేసినాను. పళ్ళు తీసి గ్లాసులో ఏసుకున్న ముసలాయనలాగ బుగ్గలు లోపలికెళ్ళిపోనాయి. సరే, రెండోదాన్ని మూడు రోజులు ఆరబెట్టినాను. తెల్లారి సూస్తే సీమలు బారు కట్టినాయి. ముక్కుని ఎలక కొరికేసింది. మైదా గదా, ఊరుకుంటాదా?

…

అదే. తప్పు సేస్తే దాన్నుంచి నేర్సుకోవాలని పిల్లలకి రోజూ సెప్తాను గదా. నేర్సుకున్నాను. అక్కడే కొంప మునిగింది. — ఆ ముక్క ఆఖర్న సెప్తాను. అది సెప్పడానికే ఫోను సేసినాను.

…

ఆ, మూడోది కుదిరింది. ఒంటికి గడ్డి కుక్కి, నీ కోక కట్టి, సవరం ఇరబోసినాను. స్కూటీ మీద తీసుకెల్తంటే దార్లో బస్సోడు బ్రేకేసినాడు! ఎంత పొంగిపోనానో. తీరా స్కూలు గుమ్మంలో ఏలాడదీసేసరికి ఒక సిన్న పిల్ల దాన్ని సూసి కొయ్యబారిపోనాది. గౌను తడిపేసుకుంది. వాళ్ళమ్మొచ్చి నా మీద ఇరుసుకుపడింది. "ముందు దాన్ని బేగి తియ్యండి" అన్నాది మేడం. పెట్టమన్న నోటితోనే, అందరి ముందూ. ఫొటో నేదు, ఏటీ నేదు.

…

కోపం కాక మరేటి? ఇంటికి తెచ్చేసరికి దాన్ని సూస్తేనే ఒళ్ళు మండింది. సందు సివర పెంటకుప్ప మీద ఇసిరేసినాను. కాల్చాల. కోకైనా ఇప్పి తీసుకోవాల. ఏటీ సెయ్యలేదు. తిరుమలరావు మావ పెయ్యకి పలుపు తెంపుకునే అలవాటని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇసిరేసి, సేతులు కడుక్కుని, టీ పెట్టుకున్నాను.

…

ఉండు, ఇంకా అవ్వలేదు. నువ్వు తల దించుకున్నాక ఏటయిందో నీకు తెల్దు.

తన్మయి నా సంకనున్నాది. "అమ్మా, అది మన బొమ్మ" అన్నాది.

…

ఆ. అన్నాది. ఆ గోలలో ఎవులికీ ఇనబళ్ళేదు. మళ్ళీ అనబోయింది. నేను దాని నోరు మూసినాను అత్తా. ఈ సేత్తోనే. దాని పళ్ళు నా అరిసేతికి తగిలినాయి. "అబద్ధమాడరాదు" అని పలకల మీద రాయించే టీచర్ని… ఐదేళ్ళ గుంట నిజం సెప్తంటే నోరు మూసినాను.

…

అదేటి సేస్తన్నాదో తెలుసా ఇప్పుడు? ఏదైనా సెప్పాలంటే ముందు తన సెయ్యి తనే నోటికి అడ్డం పెట్టుకుంటన్నాది. అన్నం కావాలన్నా అలాగే, దాహమేసినా అలాగే. తియ్యమంటే నా మొహంలోకి సూస్తాది.

…

…

నువ్వెందుకు సెప్పలేదు అత్తా? "ఈ కోక నేను ఝాన్సీకిచ్చినాను" అని ఒక్క మాట. నీ మీదకి సెప్పులెత్తినారే! ఒక్క మాటంటే అయిపోను గదా!

…

తన్మయి కోసమా?

…

"తల్లికి చిల్లంగి పేరొస్తే గుంటని బళ్ళో పక్కన ఎవులు కూకోనిస్తారు"… ఆ గుంపులో నిలబడి నువ్వు అంతదాకా ఆలోసించినావా? నేను కన్నతల్లిని. నా ఉద్యోగం ఊడుతాదనొక్కటే ఆలోసించినాను.

…

పొద్దు వాలిపోయినదానివైతే మాత్రం? నిందలు మొయ్యడానికి పుట్టినావా? నీ ఇంటాయన పోయిన ఏడాది నుంచీ ఒంటరిగా నెగ్గుకొస్తన్నావు, ఎవులి గుమ్మమూ తొక్కకుండా. నాకు ఉప్పు నిండుకున్నా పప్పు నిండుకున్నా నీ గుమ్మమే. అలాంటిదానివి…

…

ఏటి? మళ్ళీ సెప్పు. సరిగ్గా ఇనబళ్ళేదు.

…

దోషమా? నీ కోక దోషమా? ఎవులన్నారు?

…

నువ్వే అనుకుంటన్నావా! మొగుడు పోయినదాని కోక బొమ్మకి కట్టబట్టే పెయ్య పోనాదని… ఓలమ్మ! ఆరు రోజులూ అదే అనుకుంటా కూకున్నావా?

కాదు అత్తా. ఏడవకు. ఇటిను. నీ కోక కాదు. నా జిగురు.

…

జిగురు, జిగురు! ఎలక కొరికిందన్నాను గదా. గరివిడి బజార్లో పుస్తకాలు బైండింగు సేసే ముసలాయన్ని అడిగినాను. "మైదాలో సిటికెడు మైలుతుత్తం కలుపమ్మా, పురుగు ముట్టదు" అన్నాడు. ఆయన తప్పు నేదు. సిటికెడన్నాడు. నేను గుప్పిళ్ళతో ఏసినాను, ఎంతేస్తే అంత మంచిదని. బూజు పట్టకుండా ఉప్పేసినాను. బిగుసుకుంటాదని లోపలి గడ్డికి కూడా పులిమినాను. గడ్డీ, మైదా, ఉప్పూ… పసువు వదుల్తాదా? కడుపునిండా తిన్నాది. అందులో ఉన్నది విషమని దానికేటి తెలుసు?

…

అవును! పెయ్య నోటి కాడ నీలం నురగ! దాన్ని సూసే గదా అందరూ చిల్లంగి అన్నారు. అది మైలుతుత్తం నీలం అత్తా. నేను సూడగానే పోల్చుకున్నాను. ఆ పొద్దున నా గోళ్ళల్లో కూడా అదే నీలం. తన్మయిని దించేసి, సేతులు కొంగులో దాసుకుని నిలబడ్డాను.

మంత్రం నేదు, దోషం నేదు. నా అతితెలివి, తరవాత నా పిరికితనం. అంతే.

…

ఊఁ. ఏడువు. ఇప్పుడేడువు, పర్లేదు. నేనుంటాను.

…

…

ఎందుకిప్పుడంటే… రామమందిరం కాడ పెద్దలు కూకున్నారు. తిరుమలరావు మావే పిలిసినాడు. నిన్ను మళ్ళీ ఊళ్ళోకి రానివ్వాలా వద్దా అని. వద్దనేలాగే ఉన్నారు. నీ తలుపుకి ముళ్ళకంప కట్టేద్దారంటన్నారు. డాబా మీంచి నాకన్నీ ఇనబడతన్నాయి.

…

వద్దనకు. నీకు ముందు సెప్పి ఎల్దామని ఫోను సేసినాను గానీ, నిన్నడిగి ఆగడానికి కాదు.

…

మా ఆయనకి పొద్దునే సెప్పినాను. "ఆరు రోజులు ఎలగ అన్నం పెట్టినావే నాకు?" అన్నాడు. ఆ మాట కంటే నాలుగు తగిలించినా బాగుండును. మావ పెయ్యకి బదులు మన పసువుల సాలలో పెయ్యని తోలేద్దారన్నాడు.

…

పోతే పోనీ ఉద్యోగం. తన్మయి నా పక్కనే ఉన్నాది. మెట్లు దిగుతన్నాం. సెప్పులేసుకో… నీకు కాదు అత్తా, దానికి.

…

భయమే. కానీ ఫోను మాత్రం కట్టెయ్యకు. నిన్ను అన్నప్పుడు నీ మొహం మీదే అన్నారు గదా. ఇది కూడా నీకు ఇనబడాల.

…

వచ్చేసినాం. స్పీకరు పెడతన్నాను.

తిరుమలరావు మావా… నేనే, ఝాన్సీని. ఒక్క మాట సెప్పాల… నేదు, కూకోను. నిలబడే సెప్తాను.

మీ పెయ్యని సంపింది చిల్లంగి కాదు. ఆ బొమ్మ నేను సేసినాను, స్కూలు కోసం. కోక నా కూతురి బొంతకని దేముడత్త ఇచ్చింది. కుప్ప మీద పారేసింది నేను. జిగురులో మైలుతుత్తం కలిపింది నేను. ఇదిగో డబ్బా. మిగిల్నది ఇందులో ఉన్నాది. మూత తీసి సూడండి, ఏ రంగో.

…

తెలుసు. ఆ పొద్దునే తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

…

తిట్టు మావా. ఎంతైనా తిట్టు. నన్నే తిట్టు.

…

ఫోన్లోనా? దేముడత్తే. అన్నీ ఇంటన్నాది.

…

ఏటి, ఒక్కరూ మాటాడరేటి? ఆరు రోజులూ అందరికీ నోళ్ళున్నాయి గదా… నాతో సహా.

…

తన్మయీ. సెయ్యి తియ్యి తల్లీ, నోటి మీంచి. అమ్మ ఏటీ అనదు. ఆ రోజు ఏటి సెప్పబోయినావో ఇప్పుడు సెప్పు. గట్టిగా సెప్పు. మామ్మ ఇంటన్నాది.

…

ఆ. అంతే తల్లీ. మన బొమ్మే.

అత్తా… ఇన్నావా?

…

ఫోను ఈ అరుగు మీద పెట్టేస్తన్నాను. వీళ్ళల్లో ఎవులు ముందు తీసి నీతో మాటాడతారో సూస్తాను. నువ్వు మాత్రం లైన్లోనే ఉండు.