తప్పుతున్న ముడి

ముసలాయన తమ్ముడు చేపల వేటకెళ్లిన పడవ రావలసిన వేళ దాటి రెండు రోజులైంది. ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్న ముసలాయన పక్కకి భార్య వచ్చి కూర్చుంది.

"ఏటయ్యా, మళ్లీ తప్పు ముడేసినావు."

"సప్పుళ్లు ఎక్కువైపోనాయే. ఆటోలు, పిల్లలు, మైకులు."

"నలభై ఏళ్లు ఈ సప్పుళ్లలోనే కుట్టినావు. తలెత్తీవోడివి కాదు. వయసైపోనాది నీకు."

"వయసు కాదే. అప్పుడు దేనికోసమూ ఇనీవోణ్ణి కాదు. ఇప్పుడు ఏ సప్పుడైనా ఆడి ఇంజనేమోనని సెవి అటే పోతంది."

హార్బరు వైపు నుంచి మోత లేచింది. ముసలాయన వల వదిలేసి నిలబడ్డాడు.

"అది ఓడ కూత. మన పడవ కాదు, కూకో."

"తెలుసే."

"తెలిస్తే ఎందుకు లేసినావు?"

ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకు లేసినావే?"