మంచు వంతెన మీద ముందెవరు

ఆల్ప్స్‌లో, శిఖరం ఎక్కేవాళ్ళు రాత్రి ఆగే కొండ బస. తెల్లవారుతుండగా వంటగదిలో ఒదీల్, ఆమె ఒళ్ళో చంటిబిడ్డ, ఎదురుగా అత్తగారు.

"నాకున్న భయమల్లా ఒక్కటే అత్తమ్మా. ఆ థియోఫీల్ క్షేమంగా తిరిగొస్తాడేమోనని."

"ఛ! పొద్దున్నే ఏం మాటలే, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని!"

"వీడి నాన్నని మంచు పగుల్లోకి తాడు కోసి వదిలేశాడు. వీడి ముందే మాట్లాడతా."

"తాడు రాతికి ఒరుసుకుని తెగిందన్నాడు కదే..."

"అన్నాడు. ఊరంతా నమ్మింది. తెగిన కొస మీరూ చూశారు. కత్తితో కోసినట్టు లేదూ?"

"ఉంది."

"మరి?"

"మరి ఏం చెయ్యమంటావ్? గైడ్లందరికీ వాడే పెద్ద. నా మాట ఎవరు వింటారు?"

"నేను చేశాను."

"ఏం చేశావ్?"

"నిన్న సాయంత్రం అడిగాడు, ఏ దారి బాగుంది, రాతిగట్టా, మంచునదా అని. బస నడిపే మన మాట మీదేగా వీళ్ళు దారి ఎంచుకునేది."

"ఏం చెప్పావే?"

"మంచునదే అన్నాను. పగులు మీద కట్టిన మంచు వంతెన గట్టిగా ఉందన్నాను."

"దాని కింద బోలైపోయిందని మొన్న నువ్వే చూసొచ్చావ్!"

"పైన కొత్త మంచు కప్పేసింది. చూస్తే తెలీదు... తిట్టండి."

"ఎందుకు తిడతా? నా కడుపుమంట ఇవాళ్టికి చల్లారిందే. ఆ కాఫీ ఇటివ్వు. అవునూ, వెంట వెళ్ళినవాళ్ళో? వాళ్ళేం పాపం చేశారు?"

"వాడితో శిఖరం ఎక్కడానికొచ్చిన ఆ లావాటి మనిషి, గడియారాల వ్యాపారా? ఆయనకేం కాదు. వంతెన మీద తేలికైనవాళ్ళే ముందు నడవాలి, రెండోవాళ్ళు ఇవతల కూర్చుని తాడు పట్టుకోవాలి. పీపాలాంటి ఆ మనిషి పక్కన థియోఫీలే తేలిక. వేలాడనీ. ఆ వ్యాపారి జేబులోనూ కత్తుంటుందిగా."

"గడియారాలాయనా? పైన మంచం మీద మూలుగుతున్నాడుగా. రాత్రి తిన్న చీజ్ పడలేదట."

"పైన... ఎవరన్నారు?"

"ఆయనేనే. నువ్వు గదిలో పాలిస్తున్నావ్, బయల్దేరేవాళ్ళకి నేనే టీ కాచిచ్చాను."

"వాళ్ళకా? థియోఫీల్ కాక ఇంకెవరు?"

"థియోఫీల్ కూతురు సొలాంజ్. నిన్న మనకి రొట్టెలు మోసుకొచ్చిందిగా."

"సాయంత్రమే దిగిపోయిందనుకున్నా..."

"నాన్న ఉండమన్నాడట. గైడు పరీక్షకి కూర్చుంటుందిగా, దారి నేర్పిస్తానని తీసుకెళ్ళాడు. ఒదీల్? ఫోనెందుకే? ఆగు! జైల్లో పెడతారే, బిడ్డ గతేంటి?"

"హలో, రక్షణ దళమా? కొండ బస నుంచి ఒదీల్‌ని. మంచునది వంతెన బోలుగా ఉందండీ, గట్టిగా ఉందని నేనే అబద్ధం చెప్పాను. త్వరగా వెళ్ళండి. ముందు నడిచేది ఆడపిల్ల, మీకు దణ్ణం పెడతా, ఎలా ఉందో ఒక్కసారి చూడండి."