ఒకరి పేరు మీద

పందొమ్మిది వందల అరవై ఏడు ఎన్నికల నాడు, మోతె బడి ముందు, సూర్యాపేట కాలేజీలో చదివే బద్రీనాథ్‌ను ముసలి గౌరయ్య ఆపాడు.

“బిడ్డా, నా ఓటు ఎవరో ఏసిపోయిన్రంట. సదువుకున్నోనివి, జర లోపలికొచ్చి అడుగు.”

“ఇగ ఏం లాభం తాతా? ఇంటికి పో.”

“గా వేలికి సిరా ఏంది? ఓటుకు ఇరవై ఒకటి నిండాలె, నీకింకా నిండలే గదా?”

బద్రీనాథ్ చెయ్యి జేబులో దాచుకున్నాడు. ముఖం కందిపోయింది.

“నీ పేరు మీద నేనే ఏసిన తాతా. నువ్వు రావనుకున్న.”

“ఎన్నడు రాకపోతిని. ఎవ్వనికి భయపడకు, నీ ఓటు నీదేనని మొన్న మా వాడకొచ్చి నువ్వు సెప్తేనే వచ్చిన.”

“తప్పైంది తాతా.”

“సరే, ఏ గుర్తుకేసినవో గదన్న సెప్పు. నా ఓటు ఎటు పోయిందో నాకెరుక గావాలె గదా?”