కొలత తెలుసుకుని రండి

(ఇనప సామాను కొట్టు, మధ్యాహ్నం. కౌంటర్ వెనక అన్న. ముందు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే చెల్లెలు.)

"సున్నా అంటే సున్నానే. ఇందులో బేరం లేదు."

"బేరానికి రాలేదన్నయ్యా. కారణం అడగడానికి వచ్చా."

"కారణం నువ్వే రాసిచ్చావుగా. నీ స్టూడెంట్లు నా కొట్లో అడుగుపెట్టే ముందు నిబంధనలని ఒక కాగితం నా చేతిలో పెట్టావు. గిరాకీలు అనని మాట అన్నట్టు రాస్తే గ్రూపు మొత్తానికి సున్నా అని ఉంది. అది నీ మాటేనా, కాదా?"

"నా మాటే."

"అయితే వేసెయ్యి. నేను సంతకం పెడతా."

"కల్పించారని నీకెలా తెలుసు?"

"ఈ కౌంటర్ వెనకే తల నెరిసింది. నా గిరాకీ ఏం మాట్లాడుతుందో నాకు తెలియదా? ఇదిగో, వాళ్ళ రిపోర్టులో ఈ వాక్యం. నువ్వే చదువు. నా నోటితో చదవను."

"'కొలత తెలుసుకుని రండి అంటాడు. ఆయన ముందు నిలబడితే పాఠం అప్పజెప్పలేని పిల్లలా అయిపోతాను. అందుకే మూల మీద కొట్టుకు పోతున్నాను.'"

"విన్నావా? కొళాయి కొనడానికి వచ్చినవాడెవడన్నా పాఠం, అప్పజెప్పడం అంటాడా? చదువుకునేవాళ్ళు వాళ్ళ భాషలో వాళ్ళే అల్లుకున్న మాట అది."

"మాట సంగతి తర్వాత. అంటావా, అనవా?"

"ఏది?"

"కొలత తెలుసుకుని రండి అని."

"అంటా. అనక? తలుపు బందులు కావాలంటాడు, తలుపు ఎంత మందమో తెలియదు. చేతులు చాపి ఇంత అంటాడు. మళ్ళీ అడిగితే ఇంకొంచెం పెద్దదంటాడు. ఏదో ఒకటి అంటగట్టి పంపమంటావా? ఆ మూల కొట్టువాడు చేసేది అదే. నేను తప్పు సరుకు ఇవ్వను. నా మర్యాద అది."

"మర్యాద నీకు మిగిలింది, గిరాకీ వాడికి పోయింది. వాళ్ళు రాసిందీ అదే."

"రాయమని నేనడిగానా?"

"నువ్వే అడిగావు. జనం లోపలికి వచ్చి ఏమీ కొనకుండా పోతున్నారు, ఎందుకో కనుక్కోండి అన్నావు. అంతకుముందు ఎన్నేళ్ళు నన్ను పొడిచావు? భోజనానికి కూర్చున్న ప్రతిసారీ అదే పాట. మూడు గంటలు కూర్చుని పుస్తకంలోది కాగితం మీదికి దింపితే పరీక్షా, నిజమైన కొట్లో నిలబెట్టు, ఎవడి సరుకేమిటో తేలుతుంది అని."

"అన్నా. కాదనను."

"ఆ మాట పడలేకే ఈ పరీక్ష తయారు చేశా. నలుగురు మనుషులు, నిజమైన కొట్టు, నిజమైన చిక్కు. సగం మార్కులు నావి, సగం కొట్టు యజమానివి. దీనికోసం మా హెడ్‌తో ఎంత పోట్లాడానో నీకేం తెలుసు? నీ సున్నా చూశాడంటే మళ్ళీ మూడు గంటల పేపరే అంటాడు. ఆ నలుగురికీ ఏడాది పోతుంది."

"నలుగురికీ పోనివ్వడం ఎందుకు? రాసింది ఎవరో చెప్పు, ఆ ఒక్కరికే వేద్దాం. వాళ్ళలో నోరు విప్పనివాడు, ఆ మౌనముని, పనిమంతుడు, వాడికి నిండా వేస్తా. సామాను పగిలితే ఒక చెయ్యే పగలగొడుతుంది, నాలుగు చేతులు కాదు."

"ఇది అలా విడదీసేది కాదు. నువ్వు పెట్టిన పేర్లతోనే చెబుతా, వాగుడుకాయ వీధిలో నిలబడి అందరినీ అడిగింది. కళ్ళజోడు రాసుకుంది. మౌనముని పాత బందులూ కొళాయిలూ ఏరి చెక్కకు బిగించాడు. పొడుగోడు వాటికి అంకెలు వేశాడు. ఈ వాక్యం ఉంచాలా తియ్యాలా అని మాత్రం నలుగురూ కొట్టుకున్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదట."

"తియ్యమన్నది ఎవరు?"

"చెప్పను."

"ఇదా నీ గ్రూపు చదువు? తప్పు నలుగురూ కలిసి మోస్తే బరువు తెలియదని నేర్పుతున్నావా?"

"ఇబ్బంది పెట్టే నిజాన్ని మధ్యలో వదిలేసి పారిపోవద్దని నేర్పుతున్నా. ఇంతకీ ఆ చెక్క ఏది? గుమ్మం పక్కన ఉండాలిగా."

"పీకేశా."

"పీకేశావా?"

"లోపల పడేశా. తుప్పు సామాను గుమ్మానికి వేలాడదీస్తే నాది పాత ఇనప కొట్టనుకుంటారు."

"ఇలాంటిది కావాలని వేలు పెట్టి చూపిస్తే చాలన్నయ్యా. కొలత నోటితో చెప్పక్కర్లేదు, నీ చేత అనిపించుకోనక్కర్లేదు. వచ్చినవాళ్ళు చూపించారా, లేదా?"

"పొద్దున్నించీ ఆ చెక్క ఏది, చెక్క ఏది అని ప్రాణం తీస్తున్నారు. అది వేరే సంగతి."

"అదే అసలు సంగతి."

"మాట తప్పించకు. చెక్క మంచిదే అనుకో. ఆ మాట మాత్రం అబద్ధం. పొద్దున నలుగురినీ పిలిపించి అడిగా, ఈ మాటన్న మనిషెవరని. నేలచూపులు చూశారు. సున్నా వేస్తానంటే అప్పుడు వాగుడుకాయ తలెత్తి, వేసుకోండి అంకుల్ అంది."

"ఇంకేమంది?"

"పేరు బయటపెట్టబోమని ఆ మనిషికి మాటిచ్చారట. చెప్పరట. ఉన్న మనిషే అయితే చెప్పడానికేం?"

"సున్నా వేస్తానన్నా చెప్పలేదా? ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదు. నువ్వు చెప్పు."

"చెప్పేదేముంది. ఆఖరి మాట. ఆ మాటన్న మనిషిని తెచ్చి ఈ కౌంటర్ ముందు నిలబెట్టు. నిలబెడితే నా సగం మార్కులూ నిండా వేస్తా. చెక్క నా చేత్తో నేనే బిగిస్తా. నిలబెట్టలేకపోతే సున్నా. నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

"తర్వాత కాదనవుగా?"

"కొట్లో నిలబడి అన్నాక కాదన్నది ఎప్పుడు?"

"అయితే చెక్క తెచ్చుకో."

"మనిషేదీ?"

"నిలబడే ఉంది."

"ఎక్కడ? ... చెల్లీ."

"వంటింటి కొళాయి కారుతోందని నీ దగ్గరికి వచ్చా, గుర్తుందా? గిరాకీలందరి ముందు నన్నూ అదే అన్నావు. ఊరందరికీ పాఠాలు చెబుతావు, ఇంట్లో కొళాయి సైజు తెలియదా, కొలత తెలుసుకుని రా పో అని. అందరూ నవ్వారు. నువ్వు కూడా. మూల కొట్టులో కొనుక్కుని మెట్లు దిగుతుంటే ఎదురుగా నా నలుగురూ. నేను రాసిచ్చిన ప్రశ్నే నన్నడిగారు, ఇక్కడెందుకు కొన్నారు మేడమ్ అని. వాళ్ళకి అబద్ధం ఎలా చెప్పను? పేరు రాయొద్దని మాత్రం మాట తీసుకున్నా."

"నా చెల్లెలివి. వాడి మెట్లెక్కావా?"

"ఎక్కా."

"వచ్చి నా మొహం మీద అనేస్తే పోయేదిగా. ఎవరో పరాయివాళ్ళ చేత రాయించి, నాకు చదివిస్తావా?"

"మొహం మీద అంటే ఏమనేవాడివి?"

"వాడికి కొళాయికీ గొట్టానికీ తేడా తెలియదు. వాడిచ్చింది సరిపోయిందా?"

"లేదు. ఇంకా కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టుకుంటున్నా గానీ, నీ దగ్గరికి రాలేదు."