ఫోనుకు కాపలా కాసిన స్వామి

దర్శనం క్యూ గేటు దగ్గరికి వచ్చేసరికి పంకజాక్షి ఫోను కన్నుమూసింది. టికెట్టేమో దాంట్లోనే ఉంది.

“బయపడద్దత్తా! నీదీ నాదీ ఒకే జాతి ఫోన్లు. నాదాని వీపు మీద నీది పెడితే వైరు లేకుండానే ఛార్జి ఎక్కతాది,” అన్నాడు మేనల్లుడు జయచంద్ర.

“ఛార్జీ లేకుండా ఆడోళ్లు బస్సెక్కతా ఉండారు గానీ, వైరు లేకుండా ఛార్జి ఎక్కేదేందిరా?”

“సూడు మరి! అరె, ఎక్కలేదే? కవర్లో ఏం పెట్టినావత్తా?”

“స్వామి బొమ్ముండే రాగి బిళ్ళ. ఫోనుకు కాపలా!”

“ఆ కాపలానే కరెంటును లోపలికి రానీలేదు. మధ్యలో రాగి ఉంటే ఎక్కదు, తియ్యి!”

పంకజాక్షి బిళ్ళను తీసి కళ్ళకద్దుకుంది. కాసేపటికి తెర వెలిగింది.

“టికెట్టు కనపడతా ఉండాది రోయ్! పద, పద! స్వామీ, నిన్ను సూసేదానికి నిన్నే పక్కకి జరపాల్సొచ్చె, ఏమనుకోబాక!”