ఇంగా పిన్ని తప్పిన రెండు గుళ్లు

రెండొందల గజాలకి గురి కట్టించు, అంతే. ఏంటలా చూస్తావ్? ఆ స్కోపు దుర్భిణి మీద మర తిప్పితే ఎంత దూరమైనా కొట్టొచ్చన్నాడా కొట్టువాడు? అంటాడు, అమ్ముకునేవాడు కదా. కూర్చో గ్రెటా. తుపాకీ అటు పెట్టు, గొట్టం గోడవైపు... ఆఁ. మా ఇంగా పిన్ని ఉండేది, నువ్వు పుట్టకముందే పోయిందిలే. గుర్రమంత దుప్పి, ఆ ఎల్క్‌ని కొట్టాలంటే ఈ మోంటానాలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మనిషి ఇంత లావు, నడిస్తే మాత్రం ఆకు కదిలేది కాదు. ఏటా సెప్టెంబర్లో గడ్డిమోపు మీద తుపాకీ ఆనించి, రెండొందల గజాల్లో అట్టపెట్టె పెట్టి, చూసినచోటే గుండు పడేదాకా సరిచేసేది. ఇక ఏడాదంతా ఆ మర ముట్టుకోదు. "గుండు వందలో రెండంగుళాలు పైకి పోతుంది, మూడొందల్లో జానెడు కిందికి. ఈమాత్రం గుర్తుండదట్రా? ఇంకా దూరమైతే నడు, కాళ్లున్నాయిగా" అనేది.

నాకప్పుడు ఇరవై రెండు. నవ్వకు, జుట్టుండేది. కొత్త స్కోపు కొన్నా, నీదిలాగే, తిప్పితే టిక్కు టిక్కుమనేది. ఆ ఏడు గుర్రం తన్ని బాబాయి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. ఉన్న పశువులన్నీ అమ్మకానివే, కోసుకోడానికి లేదు. ఎల్క్ పడితేనే చలికాలం మాంసం. సర్కారు వేటకిచ్చిన గడువులో అదే ఆఖరి రోజు. పిన్నికి దగ్గు పట్టుకుంది, "కాల్చేది నువ్వే" అంది. ఇక చూడు, నా నడకే మారిపోయింది!

పొద్దున్నే అవతలి గట్టు మీద ఒకటి కనబడింది. నాలుగొందల యాభై గజాలుంటుంది. నేను మర తిప్పుతూనే ఉన్నా, అది అడవిలోకి వెళ్లిపోయింది. సాయంత్రం దిగుతుంటే, ఇదిగో, ఎదురుగా కొమ్ముల ఎల్క్, అడ్డంగా నిలబడి. సరిగ్గా రెండొందల గజాలు! గుండెకి చూసి కొట్టా. వీపు మీంచి పోయి వెనక దేవదారు బెరడు లేచింది. దానికి చప్పుడు ఎటునుంచో తెలీలేదు, తల తిప్పి చూసింది. మళ్లీ కొట్టా. మళ్లీ బెరడే. అర్థమైందా నీకు? పొద్దున ఆ దూరానికని తిప్పిన మర వెనక్కి తిప్పలేదు నేను, అందుకే గుండు పైనుంచి పోతోంది! పిన్ని నా స్కోపు వంక ఒక్కసారి చూసి, తన తుపాకీ నా చేతిలో పెట్టింది. "ఊపిరి వదిలి నొక్కు" అంది. పడిపోయింది, ఉన్నచోటే. పిన్ని నా వీపు మీద ఒక్కటి చరిచింది చూడు, ఎల్క్‌తో పాటు నేనూ చచ్చాననుకున్నా.

మా లోయలో ఎవరు కాల్చినా, ఇళ్లల్లో వాళ్లు చప్పుళ్లు లెక్కపెడతారు. మేం లోపలికి వెళ్లామో లేదో బాబాయి మంచంలోంచే, "మూడు వినబడ్డాయి, ఎవరివోయ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని, "మొదటి రెండూ నావే, తప్పి దేవదారు బెరడుకి తగిలాయి. వీడు ఒక్కదానితో పడేశాడు" అంది.

అంతే, ఊరికి పండగే. "ఇంగా, చెట్లకి బెరడు ఒలుస్తున్నావట, మా పెరట్లో కూడా రెండున్నాయి, వస్తావా?" అని ముప్ఫై ఏళ్లు ఆడుకున్నారు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది. నాకు పిల్లనిచ్చినవాళ్లు కూడా ఆ ఒక్క గుండు చూసే ఇచ్చారు. నిజం చెబుదామని ఎన్నిసార్లనుకున్నానో. అనుకోడమే. ఆవిణ్ణి పాతిపెట్టి వచ్చిన రోజు, భోజనాల దగ్గర కూడా ఎవరో ఆ బెరడు మాటే ఎత్తారు, అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను గ్రెటా.

...

ఆ కుక్క ఎందుకలా మొరుగుతోంది? వెళ్లి చూడు, గేటు వేశావా లేదా.