అర్బాబుకు మంచి మిషను

ఒమాన్‌లోని సహంలో అర్బాబు, అంటే అరబ్బు యజమాని, తోట వెనక గదిలో ఆమె రొట్టెల పిండి కలుపుతోంది. తోటపని తగ్గిపోయాక ఆమె మొగుడికి మిగిలిన ఉద్యోగం అర్బాబు కాల్చి పడేసిన ఖాళీ తూటాల్ని చేతిమిషన్ మీద మళ్ళీ నింపడమొక్కటే. అతనొచ్చి చెప్పులతోనే గడపమీద కూర్చున్నాడు.

"ఏందయ్యా, మిషన్ కొనుడు అయిందా?"

"అయింది. ఇంట్ల పెట్టుకునేటందుకు ఏది మంచిదని నన్నే అడిగిండు. ఫోన్ల రెండు మిషన్ల బొమ్మలు చూపెట్టిండు."

"అడగడా మరి, పెద్ద ఇంజనీరువి."

"ఒకటి మన పాతదాని లెక్కనే. ఒక్కో తూటాకు నాలుగుసార్లు పిడి గుంజాలె. ఇంకోటి దానంతటదే తిరుగుతది, ఒక్క గుంజుడుకు ఒక తూటా తయారైతది."

"నువ్వేది జెప్పినవ్?"

"తిరిగేదే. పదేండ్లసంది గుంజుతున్న, ఏది మంచిదో నాకు తెల్వదా."

ఆమె చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

"మరి అది వస్తే నువ్వేం గుంజుతవ్?"

"అర్బాబే గుంజుకుంటడట. చాయ్ తాగేలోపు అయిపోతదట."

"నీళ్ళు ఉప్పయి ఖర్జూరం చెట్లు ఎండిపాయె. ఇగ నీకు పనేముంది?"

"ఆయన గూడ అదే అన్నడు. వీసా మళ్ళ కొట్టియ్యడట. శుక్రారం జుమ్మా దాటినంక ఇద్దరికీ టికెట్లు."

"పోయి చెప్పు, ఆ మిషన్ మంచిగుండదని."

"నోరు రాలే. ఆయన కొడుకులందరి ముంగట నా భుజం మీద చెయ్యేసిండు. 'తన పని పోతదని తెలిసి గూడ నిజం చెప్పిండు, ఇసొంటోడు దొరకడు' అన్నడు."

"తెలిసే చెప్పినవా?"

"నాకేం తెల్సు?"

"ఆ ముక్కన్నా చెప్పకపోయినవా."

"సిగ్గైంది. షుక్రన్ అని థాంక్స్ చెప్పిన."